పైన తాకేది ఒకటి, కింద దొరికేది ఇంకొకటి

ఈసారి ఉత్తరాల్లో విశ్వకిరణాల మీద, అంటే అంతరిక్షం నుంచి భూమ్మీద పడే కాస్మిక్ కిరణాల మీద వచ్చినవే ఎక్కువ. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఒక ప్రశ్నగా చేశాం. కణాల జాడను ఆవిరిలో గీతలుగా చూపే క్లౌడ్ ఛాంబర్ గురించి, రేడియేషన్‌ను లెక్కపెట్టే గైగర్ ట్యూబుల గురించి అడిగినవాళ్లకు జవాబులు కాస్త పొడుగయ్యాయి. చేత్తో చేసే పనికి ఆ మాత్రం వివరం లేకపోతే ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: "ఈ రాత్రి 12.30 నుంచి 3.30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి, ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టండి" అని మళ్లీ మెసేజ్ వచ్చింది. నాసా పేరు కూడా ఉంది. నమ్మాలా?

నమ్మొద్దు. ఈ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. అందులో తేదీ ఉండదు, "ఈ రాత్రి" అని మాత్రమే ఉంటుంది కాబట్టి దానికి ఎప్పటికీ కాలదోషం పట్టదు. విశ్వకిరణాలకు వేళాపాళా లేదు. మీ అరచేతిని ఆకాశం వైపు తిప్పి పట్టుకుంటే, దానిగుండా సెకనుకు ఒకటికి పైగా మ్యూవాన్లు, అంటే విశ్వకిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే కణాలు, దూసుకుపోతుంటాయి. పగలైనా రాత్రైనా, ఇంట్లో ఉన్నా బయట ఉన్నా అంతే. ఫోన్ వాటిని పిలవదు, ఆపేసినంత మాత్రాన అవి పక్కకు తప్పుకోవు.

ప్రశ్న: కిరణాలు అంటారు, మళ్లీ కణాలు అంటారు. ఏది సరి? "అధిక శక్తి" అంటే ఎంత?

కణాలే. పేరు మాత్రం పాతది, అది పెట్టిన రోజుల్లో వీటిని గామా కిరణాల్లాంటివనుకున్నారు. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5,350 మీటర్ల ఎత్తుకు ఎలక్ట్రోస్కోపులు, అంటే గాలి ఎంత అయనీకరణమైందో చూపే పరికరాలు, తీసుకెళ్లాడు. రేడియోధార్మికత నేలలోంచే వస్తుంటే పైకి పోయేకొద్దీ గాలిలో అయాన్లు తగ్గాలి. ఒక ఎత్తు దాటాక అవి తగ్గడం మాని పెరిగాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ ఎగిరినప్పుడు తగ్గుదల కనబడలేదు కాబట్టి మూలం సూర్యుడు కాదనీ తేల్చాడు. "కాస్మిక్ కిరణాలు" అన్న మాట 1925లో భౌతికశాస్త్రవేత్త మిలికన్ పెట్టాడు. భూమధ్యరేఖ దగ్గర వీటి సంఖ్య తగ్గుతుందని 1927లో క్లే అనే శాస్త్రవేత్త గమనించాక, భూమి అయస్కాంత క్షేత్రం వీటిని మళ్లిస్తోందని, అంటే వీటికి విద్యుదావేశం ఉందని అర్థమైంది. పేరు మార్చే ఓపిక అప్పటికి ఎవరికీ లేకపోయింది.

పదింట తొమ్మిది ప్రోటాన్లు. మిగిలినదాంట్లో ఎక్కువ హీలియం కేంద్రకాలు, కొద్దిగా కార్బన్, ఆక్సిజన్, ఇనుము.

ఇక శక్తి. 1.5 వోల్టుల బ్యాటరీ ఒక ఎలక్ట్రాన్‌కు ఇచ్చే శక్తి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు, పొట్టిగా 1.5 ఈవీ. ఆసుపత్రిలో ఎక్స్‌రే దాదాపు లక్ష ఈవీ దాకా ఉంటుంది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ యంత్రం ఒక ప్రోటాన్‌కు ఇచ్చేది 6.8×10¹² ఈవీ. ఆకాశం నుంచి వచ్చేవాటిలో 10¹¹ ఈవీ వాటికి కొదవ లేదు, చదరపు మీటరుకు సెకనుకు ఒకటి వంతున పడతాయి. 10¹⁵ దాటితే చదరపు మీటరుకు ఏడాదికి కొన్నే. 10²⁰ దగ్గర ఒక చదరపు కిలోమీటరు మీద ఒకటి పడాలంటే వందేళ్లు కూర్చోవాలి. సాధారణంగా "అత్యధిక శక్తి" అన్న మాట 10¹⁸ పైవాటికి వాడతారు.

ఇప్పటిదాకా కొలిచినవాటిలో పెద్దది 1991 అక్టోబర్ 15న అమెరికాలోని యూటా ఎడారిలో ఫ్లైస్ ఐ పరికరానికి చిక్కింది: 3.2×10²⁰ ఈవీ, అంటే 51 జౌళ్లు. కిలో రాయిని అయిదు మీటర్ల పైనుంచి వదిలితే నేలకు తగిలేటప్పుడు దానికి ఉండే శక్తి ఇంచుమించు ఇంతే. అది ప్రోటాన్ అయి, వెలుగుతో పరుగు పందెం పెట్టుకుంటే ఏడాది పరుగు తర్వాత వెలుగు కన్నా వెనకబడేది 40 నానోమీటర్లే.

ప్రశ్న: అంత శక్తి ఉన్న ప్రోటాన్ గాలిని తాకాక ఏమవుతుంది? వరుసగా చెప్పండి. అది నేలదాకా వస్తుందా?

అది రాదు. దాని పిల్లలు, మనవలు, మునిమనవలు వస్తారు.

ముందు గాలి మందం సంగతి చూద్దాం. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు నేల మీద నిలబడిన గాలి స్తంభం బరువు సుమారు 1,030 గ్రాములు. పది మీటర్ల లోతు నీళ్ల అడుగున ఉన్నట్టే లెక్క. కణానికి కిలోమీటర్లతో పనిలేదు, దారిలో ఎంత పదార్థం అడ్డొచ్చిందన్నదే దానికి ముఖ్యం. అందుకే ఈ పని చేసేవాళ్లు ఎత్తును కూడా గ్రాముల్లోనే చెప్పుకుంటారు.

10²⁰ ఈవీ ప్రోటాన్ సగటున మొదటి 40, 50 గ్రాముల గాలి దాటేలోపే, అంటే 20 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులో, ఏ నైట్రోజన్ కేంద్రకాన్నో ఆక్సిజన్ కేంద్రకాన్నో గుద్దుకుంటుంది. ఆ ఢీకొట్టుడులో వందలకొద్దీ కొత్త కణాలు పుడతాయి. ఎక్కువ భాగం పయాన్లనే అల్పాయుష్షు కణాలు. ఇక్కడి నుంచి కథ రెండు పాయలవుతుంది.

పయాన్లలో దాదాపు మూడో వంతు ఆవేశం లేనివి. ఇవి పుట్టిన మరుక్షణమే రెండు గామా ఫోటాన్లుగా చీలిపోతాయి. గామా ఫోటాన్ గాలిలో ఒక ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటగా మారుతుంది (పాజిట్రాన్ అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్). ఆ ఎలక్ట్రాన్ మరో కేంద్రకం పక్కనుంచి పోతూ వంగి, ఇంకో గామా ఫోటాన్‌ను వదులుతుంది. అది మళ్లీ జంట అవుతుంది. దాదాపు 26 గ్రాముల గాలికి ఒకసారి చొప్పున కణాల సంఖ్య రెట్టింపు, ఒక్కోదాని శక్తి సగం. ఒక్కో కణం వాటా 8.5 కోట్ల ఈవీకి పడిపోయేసరికి ఈ రెట్టింపు ఆగుతుంది, అక్కడి నుంచి కణాలు గాలిని అయనీకరిస్తూ ఆరిపోతాయి. ఈ లెక్కను 1937లో హోమీ భాభా, వాల్టర్ హైట్లర్ కలిసి వేశారు. కాగితం మీద మీరూ వేయొచ్చు: 10²⁰ని 8.5 కోట్లతో భాగిస్తే లక్ష కోట్లకు కొంచెం పైన వస్తుంది. అది 40 రెట్టింపులు. నలభై ఇరవయ్యారులు 1,040, దాదాపు గాలి మొత్తం మందం. నిజానికి ప్రోటాన్ మొదటి దెబ్బకే శక్తిని వందలుగా పంచేస్తుంది కాబట్టి ఈ కణాల జల్లు కొంచెం ముందే, 800 గ్రాముల దగ్గర్లో, పతాకస్థాయికి చేరుతుంది. అప్పుడు అందులో ఉండేవి వేల కోట్ల కణాలు.

రెండో పాయ ఆవేశం ఉన్న పయాన్లది. శక్తి ఎక్కువగా ఉన్నంతసేపు అవి మళ్లీ కేంద్రకాలను గుద్దుకుని మరిన్ని పయాన్లను పుట్టిస్తాయి. శక్తి తగ్గాక గుద్దుకునేలోపే విడిపోయి మ్యూవాన్లవుతాయి. మ్యూవాన్ ఎలక్ట్రాన్‌కు 207 రెట్ల బరువు, కేంద్రకాలతో గొడవ పెట్టుకోదు, నేరుగా కిందికి వచ్చేస్తుంది.

నేలను తాకేది మొత్తం మీద ఒక పల్చని పళ్లెంలాంటిది. మధ్యలో కొద్ది మీటర్ల మందం, అంచుల్లో వందల మీటర్లు, అడ్డం కొన్ని కిలోమీటర్లు. వెలుగు వేగంతో దిగుతుంది. 51 జౌళ్లు మీ నెత్తిన పడతాయేమోనని ఒకరు అడిగారు: పడవు, ఆ శక్తిలో ఎక్కువ భాగం గాలిని కాస్త వెచ్చబెట్టడానికే ఖర్చవుతుంది.

ప్రశ్న: అసలు కణం నేలకు రానప్పుడు, దాని శక్తి ఇంత, దిక్కు ఇది అని ఎలా చెబుతారు? ఊహేనా?

ఊహ కాదు, కొలతే. కానీ వంకర దారిలో చేసే కొలత. రెండు పద్ధతులున్నాయి. ఒకదాని లోపాన్ని రెండోదానితో సరిచేస్తారు.

అర్జెంటీనాలో మాలార్గ్వే ఊరి దగ్గర ఉన్న పియర్ ఓజే అబ్జర్వేటరీని చూద్దాం. 3,000 చదరపు కిలోమీటర్ల మైదానంలో ఒక్కోటి 1.5 కిలోమీటర్ల ఎడంతో 1,660 ప్లాస్టిక్ తొట్లు. ఒక్కోదాంట్లో 12,000 లీటర్ల అతి శుద్ధమైన నీళ్లు, వ్యాసం 3.6 మీటర్లు, నీటి లోతు 1.2 మీటర్లు. లోపల చిమ్మచీకటి. నీటిలో వెలుగు వేగం శూన్యంలో వేగానికి ముప్పావు వంతే. జల్లులోని కణాలు అంతకన్నా వేగంగా నీళ్లలోకి దూకినప్పుడు నీలిరంగు చెరెంకోవ్ కాంతి పుడుతుంది. పైనుంచి నీళ్లలోకి చూస్తున్న మూడు ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు (మసక వెలుగును కూడా విద్యుత్ సంకేతంగా మార్చేవి) దాన్ని పట్టుకుంటాయి. కరెంటు సోలార్ పలక నుంచి, సమయం జీపీఎస్ నుంచి.

దిక్కు సమయంలోంచి వస్తుంది. జల్లు నిట్టనిలువుగా దిగితే పక్కపక్క తొట్లు ఒకేసారి మెరుస్తాయి. 30 డిగ్రీలు వాలి దిగితే ఒక తొట్టికీ పక్కదానికీ మధ్య పళ్లెం ఇంకా 750 మీటర్లు ప్రయాణించాలి. అంటే 2,500 నానోసెకన్ల తేడా. జీపీఎస్ గడియారం పదుల నానోసెకన్లలోపే తప్పుతుంది కాబట్టి దిక్కును ఒక డిగ్రీ అటూ ఇటూగా చెప్పొచ్చు.

శక్తి అంత సులువుగా దొరకదు. తొట్టిలో పుట్టిన వెలుగు "ఇంత" అనాలంటే ముందు కొలబద్ద కావాలి. ఇంజనీర్లు దాన్ని బయటినుంచి తేలేదు. ప్రతి తొట్టిలోంచి సెకనుకు రెండువేలకు పైగా మామూలు మ్యూవాన్లు ఎలాగూ పోతున్నాయి. నిలువుగా దిగే ఒక మ్యూవాన్ 1.2 మీటర్ల నీటిలో వదిలే శక్తి ఎప్పుడూ దాదాపు 24 కోట్ల ఈవీ. అదే ప్రమాణం. నీళ్లు కాస్త మసకబారినా, ట్యూబు ముసలిదైనా, ఈ మ్యూవాన్ల మెరుపు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది కాబట్టి లెక్క చెడదు. మైదానం మధ్యలో ఎవరూ వెళ్లి సరిచేయక్కర్లేని పరికరం కావాలంటే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు కష్టం.

జల్లు నడిబొడ్డు దగ్గరి తొట్లు మోతాదు మించి నిండిపోతాయి, మరీ దూరంవి ఖాళీగా ఉంటాయి. అందుకని నడిబొడ్డుకు 1,000 మీటర్ల దూరంలో సంకేతం ఎంత ఉండాలో లెక్కగట్టి ఆ ఒక్క అంకెనే శక్తికి గుర్తుగా వాడతారు. కానీ ఆ అంకె నుంచి ఈవీకి పోవాలంటే కంప్యూటర్ నమూనాలను నమ్మాలి. నమూనాలు ఇక్కడే తడబడతాయి: నిజం జల్లుల్లో మ్యూవాన్లు అవి చెప్పేదానికన్నా ఎక్కువగా ఉన్నాయి. ఎందుకో ఇంకా తేలలేదు. 10²⁰ ఈవీ దగ్గర ఢీకొట్టుడు శక్తి ఎల్‌హెచ్‌సీ కన్నా 30 రెట్లు, అక్కడ పయాన్లు ఎలా పుడతాయో ఏ యంత్రమూ చూపించలేదు.

అందుకే రెండో పద్ధతి. జల్లు దిగుతున్నప్పుడు గాలిలోని నైట్రోజన్ ఉత్తేజితమై 300 నుంచి 430 నానోమీటర్ల మధ్య మసక వెలుగును ఇస్తుంది. మైదానం అంచుల్లో ఉన్న 27 టెలిస్కోపులు ఆ వెలుగును వరసగా, పై నుంచి కిందికి, మైక్రోసెకన్ల లెక్కన పట్టుకుంటాయి. వెలుగు మొత్తం కూడితే జల్లు గాలిలో వదిలిన శక్తి వచ్చేస్తుంది, ఇక్కడ నమూనాల జోక్యం తక్కువ. ఇబ్బందులు వేరు. చంద్రుడు లేని, మబ్బు లేని రాత్రుల్లోనే ఇది పనిచేస్తుంది, అంటే మొత్తం సమయంలో 15 శాతం లోపే. గాలిలో దుమ్ము పెరిగితే వెలుగు దారిలోనే చెదిరిపోయి జల్లు చిన్నదనిపిస్తుంది. అందుకని మైదానం మధ్యనుంచి తెలిసిన శక్తి గల లేజర్ను ఆకాశంలోకి వదిలి, టెలిస్కోపులకు అందులో ఎంత చేరిందో రాత్రంతా చూస్తుంటారు. దాదాపు దేన్నీ తాకకుండా పోయే న్యూట్రినోలు, మ్యూవాన్లు మోసుకుపోయే వాటా ఎలాగూ కనబడదు, దాన్ని కలుపుకోవాలి. రెండు పద్ధతుల్లోనూ ఒకేసారి చిక్కిన జల్లులతో తొట్ల అంకెను శక్తిగా మారుస్తారు. ఇంత చేసినా శక్తి కొలతలో 14 శాతం అనిశ్చితి మిగులుతుంది.

ఎడం ఎంత ఉండాలన్నది మీరు వేటాడే శక్తిని బట్టి. ఊటీలో 2,200 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేప్స్-3 విశ్వకిరణ కేంద్రంలో 400 ప్లాస్టిక్ సింటిలేటర్లు (కణం తగిలితే మెరిసే పలకలు) ఎనిమిదేసి మీటర్ల ఎడంలోనే ఉంటాయి. అక్కడ చూసేది 10¹⁴, 10¹⁵ల చిన్న జల్లులు. తొట్లను కిలోమీటరున్నర ఎడంలో పెడితే ఈ జల్లులు మధ్యలోంచి జారిపోతాయి.

ప్రశ్న: మ్యూవాన్ ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. ఆలోగా వెలుగైనా 660 మీటర్లే పోతుంది. 15 కిలోమీటర్లు ఎలా దిగుతుంది?

ఆ ఆయుష్షు మ్యూవాన్ సొంత గడియారం ప్రకారం. వేగంగా పోయేదాని గడియారం మనకు నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తుంది. 600 కోట్ల ఈవీ మ్యూవాన్‌కు ఈ సాగుదల దాదాపు 57 రెట్లు, 660 మీటర్లు 37 కిలోమీటర్లవుతుంది. దారిలో గాలి 200 కోట్ల ఈవీ దాకా లాగేసుకుంటుంది, అయినా సరిపోతుంది. తక్కువ శక్తితో పుట్టినవి మధ్యలోనే విడిపోతాయి. నేలమీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున కనబడేవి బతికి బట్టకట్టినవి.

ప్రశ్న: బళ్లో క్లౌడ్ ఛాంబర్ చేశాం. చేపల గాజు తొట్టి, అడుగున డ్రై ఐస్, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గంటసేపు చూసినా పొగమంచు తప్ప గీతలు లేవు. తప్పెక్కడ?

సగం తప్పు ఆ 70 శాతంలోనే ఉంది. మిగతా 30 శాతం నీళ్లు. ఆల్కహాల్ ఆవిరి చాలదు, పైగా నీరు పలక మీద గరకు మంచుగా పేరుకుంటుంది. 99 శాతం తీసుకోండి.

మిగతా ఏర్పాటు ఇలా సరిచూసుకోండి. తొట్టి 30×20 సెంటీమీటర్లు, లోతు 15 నుంచి 20. గాజుదే వాడండి, యాక్రిలిక్ ఆల్కహాల్‌కు పగుళ్లు తీస్తుంది. తొట్టిని బోర్లిస్తాం కాబట్టి దాని అడుగు పైకప్పవుతుంది. అక్కడ చుట్టూ మూడు సెంటీమీటర్ల వెడల్పు ఫెల్ట్ గుడ్డ అతికించి 30, 40 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌తో తడపండి. మూతికి కింద 2, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక, పైముఖానికి మెరుపు లేని నలుపు రంగు. థర్మోకోల్ ట్రేలో డ్రై ఐస్‌ను దంచి నాలుగు సెంటీమీటర్ల మందాన సమంగా పరచి దానిమీద పలకను అదిమి పెట్టండి. దిమ్మల మీద పెడితే పలక రెండు మూడు చోట్లే ఆనుతుంది, మిగతా చోట్ల చల్లబడదు. తొట్టి అంచు చుట్టూ మెత్తని మోడలింగ్ క్లేతో మూసేయండి.

తర్వాత పది, పదిహేను నిమిషాలు ముట్టుకోకండి. మొదట సన్నని తుంపర పడుతుంది, అది మామూలే. తుంపర తగ్గాక పలక మీద ఒక సెంటీమీటరు మందం పొరలో మాత్రమే గీతలు పుడతాయి. పైన వెచ్చగా, కింద −78 డిగ్రీలు ఉంటేనే ఆ పొర నిలుస్తుంది. గది మరీ చల్లగా ఉంటే పైకప్పు మీద గోరువెచ్చని నీళ్ల గిన్నె పెట్టండి. ఎల్‌ఈడీ టార్చిని పక్కనుంచి, పలకకు దాదాపు సమాంతరంగా వేసి, మీరు పైనుంచి ఏటవాలుగా చూడండి. గీతలు వెలుగును ముందుకు చెదరగొడతాయి కాబట్టి వెలుగుకు కొంచెం ఎదురుగా నిలబడితే బాగా కనిపిస్తాయి.

పొగ సుడులు తిరుగుతుంటే గాలి చొరబడుతోంది, క్లే చూడండి. పొగ దట్టంగా ఉండి గీతలు రాకపోతే పాత అయాన్లు పేరుకున్నాయి. రుద్దిన ప్లాస్టిక్ ముక్కను గాజు పైకప్పు దగ్గర ఆడిస్తే పొర తేటపడుతుంది. ఒక మూల మాత్రమే గీతలు వస్తుంటే పలక అక్కడే ఆనింది.

కనబడేవాటన్నిటినీ విశ్వకిరణాలనుకోవద్దు. లావుగా, పొట్టిగా, మూడు నాలుగు సెంటీమీటర్లకే తెగిపోయేవి గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వదిలిన ఆల్ఫా కణాలు. సన్నగా, దారం ఉండలా మెలికలు తిరిగేవి తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, సన్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు పోయేవే మ్యూవాన్లు. గీసిన క్షణం నిలిచి, సన్నని వాన చారలా కిందికి జారి పలకలో కలిసిపోతాయి.

పిల్లలు ఒక లెక్క అడుగుతారు: 600 చదరపు సెంటీమీటర్ల పలక మీద నిమిషానికి 600 మ్యూవాన్లు రావాలి కదా, అన్ని గీతలు లేవేం? వస్తాయి. నిట్టనిలువుగా దిగేది ఒక సెంటీమీటరు పొరలో చుక్కలాగే కనిపిస్తుంది, కళ్లు దాన్ని తుంపరలో కలిపేస్తాయి. పొడుగు గీత పడాలంటే మ్యూవాన్ బాగా వాలి రావాలి, అలాంటివి తక్కువ.

డ్రై ఐస్‌ను ఒట్టి చేత్తో ముట్టొద్దు, మూత బిగించిన డబ్బాలో పెట్టొద్దు, పేలుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గర్లో మంట వద్దు.

ప్రశ్న: గైగర్ కౌంటర్ కట్టాను. వాన పడినప్పుడల్లా లెక్క పెరుగుతోంది. వానతో విశ్వకిరణాలు వస్తాయా?

రావు. మీరు చూస్తున్నది రేడాన్ సంతానం, అంటే రేడాన్ విడిపోతూ మిగిల్చే పరమాణువులు. సీసం-214, బిస్మత్-214 గాలిలో ధూళికి అంటుకుని ఉంటాయి, వాన వాటిని కడిగి నేలమీద పోస్తుంది. వీటి అర్ధాయుష్షులు 27, 20 నిమిషాలు. వాన ఆగిన రెండు మూడు గంటల్లో లెక్క మామూలుకొస్తే అనుమానమే లేదు.

విశ్వకిరణాలను వేరు చేయాలంటే రెండు ట్యూబులు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి కొట్టినప్పుడే లెక్కపెట్టండి. గామా, బీటా కణాల్లో రెంటినీ దాటేవి అరుదు, మధ్యలో సెంటీమీటరు సీసం పెడితే ఇంకా అరుదు. మ్యూవాన్‌కు ఆ సీసం లెక్కే కాదు. పది సెంటీమీటర్ల పొడుగు, సెంటీమీటరు వ్యాసం ఉన్న ట్యూబులైతే నిమిషానికి రెండు మూడు జంటదెబ్బలు వస్తాయి.

"ఒకేసారి" అన్నదానికి గడువు ఎంత పెట్టారన్నది చూసుకోండి. కాకతాళీయంగా పడే జంటల సంఖ్య రెండు ట్యూబుల వేగాలనూ గడువునూ గుణించి, దానికి రెట్టింపు. ఒక్కో ట్యూబు నిమిషానికి 20 కొడుతూ గడువు ఒక మిల్లీసెకను అయితే గంటకు దాదాపు ఒక దొంగ జంట. గడువు 100 మైక్రోసెకన్లకు తగ్గిస్తే అది పదో వంతవుతుంది. రెండు ట్యూబులకూ ఒకే అధిక వోల్టేజీ సరఫరా ఉంటే, ఒకటి కొట్టినప్పుడు వోల్టేజీ కుంగి రెండోదాంట్లో నకిలీ దెబ్బ పుట్టొచ్చు. పరీక్ష తేలిక: ట్యూబులను ఒకే ఎత్తులో రెండు మీటర్ల ఎడంగా పెట్టండి. జంటలు దాదాపు సున్నాకు రాకపోతే తప్పు మీ సర్క్యూట్‌లో ఉంది.

ఆ తర్వాత నిజమైన వాతావరణ ప్రభావం చూడొచ్చు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే మ్యూవాన్లు 0.1 నుంచి 0.2 శాతం తగ్గుతాయి. పీడనం 10 మారినా మార్పు ఒకటి రెండు శాతమే. లెక్కలో అనిశ్చితి ఒక శాతానికి దిగాలంటేనే 10,000 దెబ్బలు కావాలి, నిమిషానికి మూడు చొప్పున 55 గంటలకు పైనే. ఒక్క మధ్యాహ్నం గ్రాఫు చూసి ఏమీ తేల్చకండి. పెద్ద పరికరానికి ఈ ఇబ్బంది లేదు. 2014 డిసెంబర్ 1న ఊటీ మీదుగా ఉరుములమబ్బు పోతున్నప్పుడు గ్రేప్స్-3లో మ్యూవాన్లు 2 శాతం తగ్గాయి. 560 చదరపు మీటర్ల డిటెక్టర్ కాబట్టి నిమిషాల్లో తెలిసిపోయింది. ఆ తగ్గుదలను బట్టి మబ్బులో 130 కోట్ల వోల్టుల తేడా ఉందని లెక్కతేలింది.

ప్రశ్న: ఇవి ఎక్కడ పుడతాయి? "అమతెరాసు" అని పేరు పెట్టిన కణం ఏమీ లేని చోటునుంచి వచ్చిందట, నిజమేనా?

10¹⁵ దాకా ఉన్నవాటిలో చాలా భాగం మన పాలపుంతవే, పేలిన నక్షత్రాల అవశేషాల అలల్లో వేగం పుంజుకున్నవి. పై శక్తులవి బయటివి. ఎందుకంటే 10¹⁸ ఈవీ ప్రోటాన్ పాలపుంత అయస్కాంత క్షేత్రంలో తిరిగే వలయం వ్యాసార్ధమే వెయ్యి కాంతి సంవత్సరాలకు పైన, పాలపుంత పళ్లెం మందమంత. ఇంకా శక్తి పెరిగితే పాలపుంత దాన్ని పట్టి ఉంచలేదు. 8×10¹⁸ పైవాటిలో ఒక వైపునుంచి కొంచెం ఎక్కువ వస్తున్నాయని 2017లో ఓజే బృందం చూపింది. ఆ వైపు పాలపుంత కేంద్రానికి 125 డిగ్రీల దూరంలో ఉంది.

బయటివైనా మరీ దూరం నుంచి రాలేవు. అంతరిక్షంలో ప్రతి ఘన సెంటీమీటరులో బిగ్‌బ్యాంగ్ తాలూకు 411 మైక్రోవేవ్ ఫోటాన్లున్నాయి. 5×10¹⁹ ఈవీ దాటిన ప్రోటాన్ వాటిని గుద్దుకుని పయాన్లు పుట్టిస్తూ ప్రతిసారీ శక్తిలో అయిదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. 1966లో శాస్త్రవేత్తలు గ్రైసెన్ ఒకవైపు, జాట్సెపిన్, కుజ్మిన్ మరోవైపు ఈ సంగతి చెప్పారు. కాబట్టి మూలం కొన్ని పదుల కోట్ల కాంతి సంవత్సరాల్లోపే ఉండాలి.

అమతెరాసు 2021 మే 27న యూటాలోని టెలిస్కోప్ అరే అబ్జర్వేటరీకి చిక్కింది, 2.4×10²⁰ ఈవీ. దిక్కును వెనక్కి పొడిగిస్తే గెలాక్సీలు బహుకొద్దిగా ఉన్న లోకల్ వాయిడ్ తగులుతుంది. అంత మాత్రాన అది అక్కడే పుట్టిందని కాదు. వచ్చింది ప్రోటాన్ కాక ఇనుప కేంద్రకమైతే దాని ఆవేశం 26 రెట్లు, దారిలో వంగుడూ 26 రెట్లు. మనకు తెలిసింది అది చివరి మలుపు తిరిగి వచ్చిన దిక్కు మాత్రమే. ఒక్క జల్లును చూసి అది ప్రోటానా ఇనుమా అని ఘంటాపథంగా చెప్పలేం. ఓజే తొట్ల మీద ఇప్పుడు సింటిలేటర్ పలకలు బిగించింది ఇందుకే: ఎలక్ట్రాన్లు, మ్యూవాన్లు విడివిడిగా లెక్కతేలితే, మ్యూవాన్లు ఎక్కువున్నది బరువైన కేంద్రకమని గుర్తుపట్టొచ్చు.

ప్రశ్న: విమానంలో ప్రమాదమా? కంప్యూటర్లు వీటివల్ల చెడిపోతాయా?

11 కిలోమీటర్ల ఎత్తున మోతాదు గంటకు సుమారు 3 నుంచి 8 మైక్రోసీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), ధ్రువాల దారుల్లో ఎక్కువ, భూమధ్యరేఖ మీద తక్కువ. నేలమీద విశ్వకిరణాల నుంచి ఏడాది మొత్తం మీద సగటున వచ్చేది 400 మైక్రోసీవర్టులకు కొంచెం లోపు. ఎప్పుడో ఒకసారి ఎక్కేవాళ్లు పట్టించుకోనక్కర్లేదు. పైలట్లకు, విమాన సిబ్బందికి మాత్రం దీన్ని వృత్తిరీత్యా తగిలే రేడియేషన్‌గా లెక్కగట్టే పద్ధతి ఉంది.

కంప్యూటర్లకు మ్యూవాన్ల కన్నా జల్లులో పుట్టే న్యూట్రాన్లతో పేచీ. న్యూట్రాన్ చిప్‌లో సిలికాన్ కేంద్రకాన్ని పగలగొడితే ఆ ముక్కలు వదిలిన ఆవేశానికి ఒక బిట్ సున్నా నుంచి ఒకటికి తిరగబడొచ్చు. చిప్ చెడదు, అంకె చెడుతుంది. 2003 మేలో బెల్జియంలోని స్కార్‌బీక్ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు యంత్రం చూపింది. 4,096 అంటే 2¹², సరిగ్గా పదమూడో బిట్ విలువ. విశ్వకిరణం పనే అని అనుమానించారు, రుజువైతే లేదు. సర్వర్లలో ఈసీసీ మెమరీ వాడేది ఈ బెడదకే: ప్రతి 64 బిట్లకు అదనంగా 8 బిట్లు పెట్టి, ఒక బిట్ తిరగబడితే సరిచేస్తుంది, రెండు తిరగబడితే కేక పెడుతుంది.